అట్టచాటు ఓటు

వీరరాఘవరావుగారు ఆఫీసులో రిటైరై ముప్ఫయ్యేళ్లు దాటినా ఇంట్లో మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. చిక్కడపల్లిలోని ఆ ఫ్లాట్‌లో పొద్దున చేసే ఉప్మా దగ్గర్నుంచి కిటికీ తెరల రంగుదాకా ఆయన మాటే చెల్లుతుంది. భార్య సుబ్బలక్ష్మి పెళ్లయినప్పట్నుంచీ తలూపుతూనే ఉంది.

ఎన్నికలొస్తే ఎవరికి వెయ్యాలో కూడా ఆయనే చెప్పేవారు. ఇద్దరూ నారాయణగూడ బడికి మొదట్లో రిక్షాలో, తర్వాత ఆటోలో వెళ్లేవారు. దారంతా ఆయన గుర్తు అడుగుతుంటే ఆవిడ పాఠంలా అప్పజెప్పేది. లోపలికెళ్లి అట్ట చాటున నిలబడి, తనకి నచ్చినవాళ్లకి వేసి వచ్చేది. ఆయన మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు పేపరంతా చదివి, ఎవరికో ముందే తేల్చుకునేది. అదెప్పుడూ ఆయన చెప్పినవాళ్లకి కాదు. ఆయన ఓటుకీ ఈవిడ ఓటుకీ చెల్లుకి చెల్లు. ఆ తృప్తితో ఆవిడ మరో ఐదేళ్లు హాయిగా తలూపేది.

ఈసారి ఎనభై అయిదు దాటినవాళ్ల దగ్గరికి ఇంటికే వచ్చి ఓటు తీసుకుంటామన్నారు. మోకాళ్లు పట్టేసిన భార్యమీద జాలిపడి ఆయనే ఇద్దరి పేర్లూ రాయించారు. అలా రాయించుకున్నాక ఇక బడికెళ్లి వేసే వీల్లేదు.

ఎన్నికల అధికారి రేణుక తన మనుషులతో వచ్చి, భోజనాల బల్లమీద అట్ట అడ్డం పెట్టింది. ఆయన ఓటు వేశారు. ఆవిడ వంతు రాగానే ఆయన చేతికర్ర ఆనించుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డారు. దీనికి చూపు ఆనదు, గుర్తు నేను చూపిస్తానన్నారు.

"తోడు ఎవరుండాలెనో అమ్మనే చెప్పాలె సార్," అంది రేణుక.

అందరూ సుబ్బలక్ష్మి వైపు చూశారు. ఆయన తోడు వద్దంటే ఇన్నేళ్ల సంగతీ ఆయనకి ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. ఉండమంటే ఓటు ఆయనదైపోతుంది. తొంభై ఏళ్ల మనిషి, సాయం చేద్దామనే వణుకుతూ నిలబడ్డాడు. ఆవిడకి ఒళ్లు మండింది, జాలీ వేసింది. జాలే గెలిచింది.

"నాకొద్దులేమ్మా," అంది.

కారణం ఏమని రాసుకోవాలని రేణుక అడిగింది.

"పెద్దదాన్నయిపోయాను, ఓపిక లేదని రాసుకో."

బాధపడకు, మన ఇంటి ఓటు పడిందిగా అని వీరరాఘవరావుగారు ఓదార్చారు. నిజమే. పెళ్లయ్యాక ఆయన ఓటు నికరంగా పడటం అదే మొదటిసారి.