చప్పుళ్ల దొంగకు మా మామ మీసం

మా అమ్మకు పుట్టిల్లు లేకుండా చేయబోయిన ఘనత నాది. ఆ ముచ్చటే ఇప్పుడు చెప్పబోతున్నాను. మీరు నిక్షేపంగా నవ్వుకోండి. ఆ రోజు మాత్రం నా కాళ్లు వణికిన వణుకుకు సిరిసిల్ల ఫంక్షన్ హాలు స్టేజీ చెక్కలు కూడా కిర్రుమన్నాయి.

జగిత్యాలలో నేనూ, ఇద్దరు స్నేహితులూ కలిసి పిల్లలు ఫోన్లో చూసే కార్టూన్లు తయారుచేస్తాం. బొమ్మలు నావి. అందులో విలన్ పేరు చప్పుళ్ల దొంగ. బడి గంట మోత, ఆటో హారను, ఆఖరికి నాయనమ్మ గురక కూడా సంచిలో వేసుకుని ఉడాయిస్తాడు. పిల్లలు హీరోను వదిలేసి వీడి వెంట పడ్డారు. "గా దొంగ ఎందుకు దొంగయిండు మేడం?" అని ఒకటే అడగడం. సరే, వాడి పుట్టుపూర్వోత్తరాలతో ఒక బొమ్మల పుస్తకం వేద్దామనుకున్నాం.

కథ బాగానే కుదిరింది. వాడు సిరిసిల్లలో మరమగ్గాల సందులో పుట్టాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఆ మోతలో "ఆకలైతుంది" అని ఎంత అరిచినా వాడి మాట ఎవరికీ వినపడేది కాదు. నా మాట వినని ఈ లోకానికి ఇక ఏ చప్పుడూ వినపడకూడదని పంతం పట్టి దొంగయ్యాడు. ఇంతవరకు నా తప్పేమీ లేదు. పెద్దయ్యాక వాడి మొహం ఎలా ఉండాలి అన్న దగ్గర నా బుద్ధి గడ్డి తిన్నది.

అప్పుడు మా మేనమామ రాజేశం మీద నాకు పీకల దాకా కోపం. ఆయనవి సిరిసిల్లలో సొంత సాంచాలు. కోరుట్లలో మా గృహప్రవేశానికి వస్తే, హడావుడిలో అమ్మ కాళ్లకు నీళ్లివ్వడం మరిచిందని అన్నం ముట్టకుండా వెళ్లిపోయాడు. తర్వాత అమ్మ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. అమ్మ ఏడ్చినప్పుడల్లా నేను పెన్సిల్ చెక్కాను. ఒక పక్క పైకి లేచి, ఇంకో పక్క కిందికి వాలిన మీసం, కనుబొమ్మ మీద పుట్టుమచ్చ, మెడలో తువ్వాల. దొంగ అచ్చం మామలా తయారయ్యాడు. నా కడుపు చల్లబడింది. పుస్తకం అచ్చుకు పోయింది.

అంతలో రాఖీ పండుగ వచ్చింది. పిలుపు లేకపోయినా అమ్మ సిరిసిల్ల పోయి అన్న గుమ్మంలో నిలబడింది. మామ చెయ్యి చాచాడు. రాఖీ కట్టేలోపే ఇద్దరూ బావురుమన్నారు. ఆ ఊపులోనే మామ ప్రకటించాడు.

"మా కోడలు పుస్తకం ఏస్తుందట. సిరిసిల్లల నేనే ఇడుదల జేపిస్త. హాలు నాది, చాయ నాది!"

"ఎందుకు మామా, జగిత్యాలల చిన్నగ జేస్కుంటం," అన్నాను.

"చిన్నగ ఎందుకే బిడ్డా? సాంచాలు బందు వెట్టి అందర్ని తీస్కస్త."

పక్కన అమ్మ ముఖం వెలిగిపోతోంది. నిజం చెబితే ఆ గుమ్మం మళ్లీ మూసుకుంటుంది, ఈసారి ఏ రాఖీకీ తెరుచుకోదు. ఆ రోజు నుంచీ నాకు అన్నం సయించలేదు. మామ ఫోన్ చేస్తే చాలు, చెమటలు.

చివరికి మామ కూతురు స్వప్న కాళ్లావేళ్లా పడ్డాను.

"మీ బాపుకు దగ్గరియి కనవడయి గదా. గా అద్దాలు ఎక్కడన్న దాసిపెట్టవే."

"దొరికితే నన్ను సంపుతడు వదినె."

"దాయకుంటె నన్ను సంపుతడు!"

విడుదల రోజు హాలు నిండా సాంచాలు నడిపేవాళ్లే. పుస్తకాల కట్టలు బస్సులో మరిచిపోయానని అబద్ధమాడి ఒక్క కాపీతో స్టేజీ ఎక్కాను. అట్ట మీద సంచి బొమ్మ మాత్రమే ఉండటం నా అదృష్టం. మామ రిబ్బను విప్పి, పుస్తకాన్ని చేయి చాచినంత దూరం పెట్టి, జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో స్వప్న నాకొక విద్య నేర్పింది. గొంతు ఎత్తకుండా పెదాలు మాత్రమే కదుపుతూ మాట్లాడుకోవడం. అది మా ఇద్దరి రహస్య భాష అని ఇన్నేళ్లూ మురిసిపోయాను. చివరి వరుసలో నిలబడ్డ స్వప్న వైపు చూసి, చప్పుడు లేకుండా పెదాలు కదిపాను.

"అద్దాలు దాసినవా?"

అది కంగారుగా తల అడ్డంగా ఊపింది.

"దాయలేదా? పుస్తకంల దొంగ మొకం మీ బాపుదేనే! సూసిండంటె మా అమ్మకు తల్లిగారిల్లు ఉండది!"

స్వప్న నుదురు కొట్టుకుంది. చాయ కప్పులు నోటి దగ్గరే ఆగిపోయాయి. హాలంతా నా వైపే చూస్తోంది. మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది, నాకు అప్పుడు అర్థమైంది. సాంచాల మోతలో ఎవరి మాట ఎవరికి వినపడుతుంది? పొద్దంతా వాళ్లు మాట్లాడుకునేది పెదాలతోనే! స్వప్న తల ఊపింది నన్ను ఆగమనే! అక్కడే పుట్టి పెరిగిన అమ్మ, ముందు వరుసలో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నా పక్కనే ఉన్న మామ ఒక్కడే నా పెదాలు చూడలేదు. హమ్మయ్య అనుకునేలోపు, ఎదురుగా కూర్చున్న ఆయన దోస్తు సాయిలు పెదాలు కదిలాయి. మామకు దగ్గరి చూపే తక్కువ. దూరపు చూపుకు ఏ లోటూ లేదు.

"స్వప్నా, అద్దాలు తే," అన్నాడు.

అద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతున్నాడు. కాగితం చప్పుడు తప్ప హాల్లో ఏమీ లేదు.

అమ్మ లేచి నిలబడింది. "అన్నా, పిల్ల తెల్వక..."

"ఆగు చెల్లె." మామ నా వైపు తిరిగాడు. "గీ పోరడు గంత ఒర్లినా ఎవ్వలు ఇనలేదా బిడ్డా?"

"ఇనలేదు మామా."

మామ అద్దాలు తీసి తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. "మీ అమ్మ ఫోన్ల మీద ఫోన్లు జేసింది. నేను గూడ ఇనలే." ఆ తర్వాత మైకు అందుకున్నాడు. "దొంగ మొకం నాదే! మంచిగ దిగింది!"

అమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"గని మీసం తప్పు గీసింది పోరి," అన్నాడు మామ, వాలిన పక్కను మెలేస్తూ. "నాది రెండు దిక్కుల పైకే ఉంటది."

హాల్లో ఎవరూ నోరెత్తలేదు. అందరి పెదాలూ ఒక్కసారే కదిలాయి: "ఉండది!"

అందుకని, సాంచాల సాక్షిగా శపథం చేస్తున్నాను. సిరిసిల్లలో ఇక ఏ రహస్యమూ గుట్టుగా చెప్పను. తప్పనిసరైతే నడిచే సాంచాల మధ్య గోడ వైపు తిరిగి నిలబడి, గొంతు చించుకుని అరుస్తాను. అప్పుడైతే ఒక్కరికీ తెలియదు.