రెండు కాళ్ల పులి

మొన్న మనవరాలు పసుపు క్రేయాన్‌తో బొమ్మ మొదలుపెట్టి, "తాతా, పులికి కాళ్లెట్ల ఎయ్యాల?" అని అడిగింది. ఆ మాట వినగానే ఆత్మకూరులో నా రెండో తరగతి గుర్తొచ్చింది.

ఆ రోజు టీచరమ్మ పలక మీద పులిని గీయమంది. ఊరి పక్కనే నల్లమల ఉన్నా, నేను చూసిన పులి ఒక్కటే: పీర్ల పండక్కి ఒళ్లంతా పసుపు రంగూ నల్ల చారలూ పూసుకుని చిందులేసే పులి వేషగాడు. అందుకే నా పులి రెండు కాళ్ల మీద నిలబడి, నడుముకు గుడ్డ కట్టుకుంది. పిల్లలంతా ఒకటే నవ్వు. నాకు ఏడుపొచ్చింది.

"ఎందుకు నవ్వుతాండారు? వాడు చూసిన పులిని వాడు ఏసినాడు. అడవిలో పులి ఎట్లుంటాదో నేను చూపిస్తా" అంటూ టీచరమ్మ కుచ్చిళ్లు ఎగదోపి, బండల నేల మీద మోకాళ్లూ చేతులూ ఆనించి గదంతా తిరిగింది. "ముందర కాళ్లు యాడుండాయి? ఎనక కాళ్లు ఎట్ల వంగుతాండాయి? చూసి గీయప్పా" అంది నాతో.

నా పులికి నాలుగు కాళ్లొచ్చాయి. నడుం గుడ్డ చెరపబోతే, "ఉండనీలే, బాగుండాది" అంది. తర్వాత "చెయ్యియ్యప్పా" అని నా చేయి పట్టుకుని లేచింది. అంతమందిలో నా చేయే పట్టుకుందని సాయంత్రం దాకా మురిసిపోయాను.

మొన్న మనవరాలి కోసం నేనూ నేల మీద పులినై తిరిగాను. లేవబోతే మోకాళ్లు పట్టేశాయి. రోజూ గోడ పట్టుకుని బడి మెట్లెక్కే ఆ తల్లి, నా కోసం ఆ బండల మీద ఎంత నొప్పి ఓర్చుకుందో అప్పుడు తెలిసింది.

"చెయ్యియ్యమ్మా" అన్నాను మనవరాలితో.