ఇసక్కిసెల్వి భుజం

విరుదునగర్ మిరపకాయల మండీలో గోతాల నోళ్లు కుట్టే ఇసక్కిసెల్వి ఎడమ భుజం మీద ఎప్పుడూ ఓ తువ్వాలు ఉంటుంది. రెండేళ్ల కొడుకు మాధవన్ తాగిన పాలు తాగినట్టే కక్కేస్తాడు, అందుకని వాణ్ణి నిలువునా భుజాన వేసుకుని వీపు నిమురుతూనే ఉంటుంది. వాడు లేనప్పుడు కూడా ఒక పక్కకు ఒరిగే నిలబడుతుంది. మందులు పనిచేయలేదు. కడుపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ మడిచి కుట్టాలన్నాడు డాక్టరు. పొట్ట కోసైనా చేయొచ్చు, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టైనా చేయొచ్చు. రంధ్రాలైతే త్వరగా ఇంటికి పోవచ్చు. కోసి చేస్తే కుట్టు వదులయ్యే భయం కొంచెం తక్కువ కావచ్చు. "రెండూ మంచివే, మీరే చెప్పండి" అన్నాడు.

"గోతం నోరు సూడకుండా ఎవురన్నా కుడతారా అయ్యా?" అని బస్సులో మొగుడు ఆండిని అడిగింది. కాసేపటికి, "ఇంత పొట్టను అంత పొడుగు కోస్తారా?" అని ఏడ్చింది. చివరికి కోవిల్‌పట్టిలో అమ్మవారి ముందు పూలు వేసి చూసింది. ఎర్ర పువ్వొకటి, తెల్ల పువ్వొకటి విడివిడిగా కాగితాల్లో చుట్టి, ఒక్కో రంగుకు ఒక్కో ఆపరేషను మనసులో అనుకుని, పిల్లాడి చేత ఒక పొట్లం తీయించింది. ఎర్ర పువ్వు వచ్చింది. "అమ్మోరు సెప్పేసింది" అని కళ్లొత్తుకుంది. కొడుకుని ఎత్తుకున్న ఆండి, "ఎరుపంటే ఏదే?" అన్నాడు. ఇసక్కిసెల్వి చెప్పబోయి ఆగింది. ఏ రంగుకు ఏ ఆపరేషను అనుకుందో గుర్తు రాలేదు. పువ్వు వంక చూసింది, మొగుడి వంక చూసింది. బిడ్డ లేని భుజం మీది తువ్వాలును నిమురుతూ అలాగే నిలబడిపోయింది.