మాను మీద వణుకు

మా ఊరు పాకాల దగ్గర. ఎండాకాలం తిరునాళ్లలో తపస్సు మాను ఎక్కే వేషం మా ఇంటిది. మా నాయన తర్వాత నాకొచ్చింది. మైదానంలో పొడుగాటి తాటిమాను పాతి, దానికి అడ్డకర్రలు మెట్లుగా కడతారు. వేషగాడు పొద్దున్నుంచి ఉపవాసముండి, ఒక్కో మెట్టుకూ ఒక్కో పద్యం పాడుతూ ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు, విభూది విసరాలి. పిల్లలు లేని ఆడవాళ్లు తడిచీరలతో మాను చుట్టూ పడుకుని, అవి తమ కొంగులో పడాలని ఎదురుచూస్తారు. మిగతా ఏడాదంతా నేను తిరుపతిలో ఆఫీసు గుమాస్తాను. పొద్దున పెట్టిన ఫైలు మధ్యాహ్నానికి ఎక్కడుందో గుర్తుండదు, ఇక పద్యాల సంగతి చెప్పాలా?

పోయినేడు సగం మాను మీద ఒక పద్యం పూర్తిగా ఎగిరిపోయింది. మా వాద్యారు, అంటే మాకు ఆట నేర్పే గురువు, హార్మోనియం గట్టిగా వాయించి పరువు కాపాడాడు. వేషం ఇంకొకరికి ఇద్దామా అని ఊళ్లో అడుగుతున్నాడని తర్వాత తెలిసింది.

అందుకే ఈ ఏడు జ్ఞాపకశక్తి మాత్రల జోలికి వెళ్లాను. ఫోన్‌లో చూసి తెప్పించుకున్నాను. డబ్బా మీద సరస్వతి ఆకు బొమ్మ ఉంది. నన్ను బుట్టలో వేసింది ఆ బొమ్మే. చిన్నప్పుడు కాలవ గట్టున కోసుకు తిన్న ఆకు ఏం చేస్తుందిలే అనుకున్నాను. మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని డబ్బా వెనకున్న చీమతలకాయంత అక్షరాలు చదివింది. ఆకుతో పాటు కాఫీ గింజల సారం, ఇంకా ఏవో వేళ్లు ఉన్నాయి. రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టరును అడిగే వాడాలని కూడా ఉంది. నాకు బీపీ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటాను. ఆ సంగతి ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే మాను ఎక్కనివ్వరు.

డాక్టరు దగ్గరికి వెళ్లమని ఆమె పోరింది. నేను మందుల షాపుకు వెళ్లాను. షాపాయన డబ్బా తిప్పి చూసి ఒక్కటే అడిగాడు.

"బీపీ మాత్రలేమన్నా వాడతా ఉండారా సార్?"

లేదన్నాను. అయితే పరవాలేదన్నాడు. ఇంటికొచ్చి, షాపులో అడిగాను, ఏమీ కాదన్నాడని మా ఆవిడకు చెప్పాను.

"నువ్వేం చెప్పినావో అది చెప్పు ముందు," అంది మా ఆవిడ. నేను చొక్కా మార్చుకునే పనిలో పడ్డాను.

మాత్రలు మొదలుపెట్టాక గుండె దడగా ఉండేది, నిద్ర తగ్గింది. నిద్ర రాక పద్యాలు వల్లెవేశాను, అవీ వచ్చాయి. వల్లెవేసినందుకు వచ్చాయో, మాత్రలకు వచ్చాయో ఇప్పటికీ చెప్పలేను. అప్పుడు మాత్రం పద్యాలను మాత్రల ఖాతాలో, దడను వయసు ఖాతాలో వేసుకున్నాను. తిరునాళ్ల రోజు ఖాళీ కడుపున ఒకటికి రెండు మింగాను.

మంచి ఎండలో ఎక్కాను. పద్యాలు వరసగా వచ్చాయి. పై మెట్టుకు చేరేసరికి గుండె చెవుల్లో కొట్టుకోసాగింది. కళ్లు తిరిగాయి, చేతులు వణికాయి, ఆ వణుకు ఒళ్లంతా పాకింది. చివరి పద్యం నోట్లోనే ఉండిపోయింది. పడి చస్తానన్న భయంతో మానును కావలించుకున్నాను. కింద డప్పులు జోరందుకున్నాయి. సామి వచ్చినాడని వాద్యారు కేకేశాడు, జనం గోవిందలు పెట్టారు. నిమ్మకాయలు నేను విసరలేదు, చేతిలోంచి జారిపోయాయి. ఒకటి ఎవరో ఆడమనిషి కొంగులో పడింది.

ఎలా దిగానో తెలియదు. వేషం విప్పకముందే ఆమె మొగుణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లది సత్యవేడు పక్కనట. చీర ఇంకా ఆరలేదు. నిమ్మకాయను కొంగున ముడేసుకుంది. నా కాళ్లకు మొక్కి ఏడ్చేసింది.

"సామే ఇచ్చినాడు కదన్నా. ఇంక ఆస్పత్రి మందులు ఆపేస్తా."

నా గుండె ఇంకా కుదుటపడలేదు. వాద్యారు నాకు తువ్వాలుతో విసురుతున్నాడు. మా నాయన మాను దిగినప్పుడు వాద్యారు ముఖంలో చూసిన గర్వం మళ్లీ ఇప్పుడే చూశాను. నీళ్ల చెంబు పట్టుకుని మా ఆవిడ నన్నే చూస్తోంది. అది సామి కాదమ్మా, నేను మింగిన మాత్రల వణుకు అని ఒక్క మాట చెబితే చాలు.

"మందులు ఆపొద్దమ్మా," అన్నాను.

"సామి చెప్పినాడా అన్నా?"

వాద్యారు విసరడం ఆపాడు. మా ఆవిడ చెంబు కింద పెట్టింది.

"ఆ, సామే చెప్పినాడు," అన్నాను.

ఆమె మళ్లీ వంగి, ముడి విప్పి, నిమ్మకాయను నా పాదాలకు తాకించి కళ్లకద్దుకుంది. సిగ్గుతో నా తల పైకి లేవలేదు. కానీ కాళ్లు మాత్రం వెనక్కి తీసుకోలేదు.