సార్ దగ్గర మిగిలిన ఒక్క మాట

2011లో నా క్లినిక్ శంషాబాద్ బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది. నేను స్పీచ్ థెరపిస్టుని. మాటలు ఆలస్యమైన పిల్లలకు, నత్తి ఉన్నవాళ్లకు, పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లకు మాట సాధన చేయించడం నా పని. కింద దుకాణంలో అడిగితే "మాటల డాక్టరమ్మనా? పైకి పో" అని మెట్లు చూపించేవాళ్లు. నేను డాక్టరును కానని చెప్పి చెప్పి విసుగొచ్చి ఊరుకున్నాను. విమానం తక్కువ ఎత్తులో వెళ్తే ఏ మాటా వినబడేది కాదు. అది పోయేదాకా పేషెంటూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునేవాళ్లం.

మరిచిపోలేని కేసు ఏదని ఎవరడిగినా నాకు రాజలింగం సారే గుర్తొస్తారు. ఆయన నాకు పేషెంటు కాకముందే స్నేహితుడు, నా రాతలకు గురువు.

2008లో తెనాలి నుంచి ఇక్కడికొచ్చిన కొత్తలో పరిచయమయ్యారు. పక్క ఊళ్లో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన మనిషి. నత్తి ఉన్న మనవరాలిని నా దగ్గరికి తీసుకొచ్చేవారు. ఆ పిల్ల లోపల ఉన్నంతసేపూ బయట బల్ల మీద నేను పడేసిన కాగితాలు చదువుతూ కూర్చునేవారు. అవి నేను ఒక వారపత్రికకు పంపితే తిరిగొచ్చిన కథలు. ఒకరోజు అడక్కుండానే జేబులోంచి పెన్ను తీసి, మొదటి పేజీ మొత్తం కొట్టేశారు. నాకు ఒళ్లు మండింది. "మాస్టారూ, అది వర్ణన" అన్నాను.

"మాస్టారంటే మా దిక్కు బట్టలు కత్తిరించెటాయన. సార్ అను. గిది వర్ణన గాదు బిడ్డా, కథల దిగనీకి భయపడి నువ్వు చేసిన ఆలస్యం" అన్నారు.

ఆ కోపం సాయంత్రానికల్లా దిగిపోయింది, ఎందుకంటే ఆ పేజీ లేకపోతే కథ నిజంగానే బాగుంది. ఆ తర్వాత నేను రాసిన ప్రతిదీ ముందు ఆయనే చదివారు. మెచ్చుకోవడం ఆయన ఒంట్లో లేదు. బాగుంటే "ఊఁ" అనేవారు, బాగాలేకపోతే చాయ్ తెప్పించమనేవారు. అలా మేం చాలా చాయ్ తాగాం.

2011 వానాకాలంలో సార్‌కు పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమవైపు దెబ్బ తగిలితే కుడి చెయ్యీ కాలుతో పాటు చాలామందికి మాట కూడా పోతుంది. దాన్ని అఫేజియా అంటారు. తెలివి ఉంటుంది, మాట దొరకదు. పెద్దాసుపత్రి నుంచి ఇంటికి పంపించాక, షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు ఆయన్ని పట్టుకుని నా మెట్లెక్కించాడు. వెనకాలే సార్ భార్య అండాలమ్మ. సార్ నన్ను చూసి నోరు తెరిచారు. "ఇగో" అన్నారు. ఎంత పెనుగులాడినా అదొక్కటే వచ్చింది. నా వాక్యాలన్నీ చక్కదిద్దిన మనిషి దగ్గర ఒక్క మాట మిగిలింది. నేను లోపలి గదిలోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

ఆసుపత్రి కేస్ షీట్‌లో ఆ "ఇగో"ని స్టీరియోటైపీ అని రాశారు. అర్థంతో పని లేకుండా నోట్లోంచి పదే పదే వచ్చేసే మాట అన్నమాట. భార్యను చూపిస్తే పేరు చెప్పలేకపోయారు కాబట్టి మనుషుల్ని గుర్తుపట్టడం కూడా అనుమానమేనని రాశారు. ఊరు దాన్ని ఇంకాస్త సాగదీసి, సార్‌కు మతి పోయిందని తేల్చేసింది. అండాలమ్మ నన్ను పక్కకు పిలిచి ఒకటే అడిగింది.

"మాట రాకుంటె రాకపాయె డాక్టరమ్మా. నన్ను గుర్తువట్టిండా లేదా, గదొక్కటి చెప్పుండ్రి."

చూసి చెబుతానన్నాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. థెరపీ చేసేటప్పుడు ఇంటివాళ్లను బయట కూర్చోబెడతాం. లోపల ఉంటే ప్రేమకొద్దీ పేషెంటు బదులు వాళ్లే జవాబు చెప్పేస్తారు. అందుకని అండాలమ్మ వరండాలో బెంచీ మీద కూర్చునేది. నేను సార్ ముందు బొమ్మల కార్డులు పెట్టేదాన్ని. ఆవు, కుండ, దువ్వెన. దేనికైనా "ఇగో" అనేవారు. ఇంటి నుంచి తెప్పించిన ఫోటో చూపించి భార్య పేరేమిటని అడిగితే, తెలివితక్కువ ప్రశ్న వేసిన పిల్లను చూసినట్టు నన్ను చూసి, తలుపు వైపు తిరిగి మళ్లీ "ఇగో" అనేవారు. రోజులు గడిచేకొద్దీ నాకూ ఆశ సన్నగిల్లింది.

ఒకరోజు థెరపీ అయ్యాక వరండాలో ఆమె పక్కన కూర్చుని, సార్ మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలిచేవారని అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పేరు పెట్టి పిలుసుడు ఎక్కడిది డాక్టరమ్మా? పెండ్లైనప్పటి సంది ఇగో అంటడు. నేను పలుకుత. గంతే."

మా నాన్న కూడా మా అమ్మను "ఏమోయ్" అనే పిలిచేవాడు. అయినా నాకు ఆ ఆలోచనే రాలేదు. వెంటనే ఆమెను లోపలికి తీసుకెళ్లి సార్ పక్కన కూర్చోబెట్టి, కార్డులు మళ్లీ మొదటినుంచి చూపించాను. ఆయన ప్రతి కార్డునూ శ్రద్ధగా చూశారు. ఒక్కసారి కూడా "ఇగో" అనలేదు. మనిషి పక్కనే ఉంటే ఇంక పిలవడం దేనికి?

"గుర్తుపట్టారమ్మా. ఇన్నాళ్లూ మిమ్మల్నే పిలుస్తున్నారు. మేమే మిమ్మల్ని బయట కూర్చోబెట్టాం" అన్నాను.

ఆమె సార్ భుజం మీద జారిపోతున్న తువ్వాలు సర్దింది. "మరి జర సైగన్న చెయ్యొద్దా" అని కసిరింది. కళ్లు తుడుచుకోవడం మాత్రం నేను చూశాను.

ఆమె పక్కన కూర్చోవడం మొదలెట్టాక మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. మొదట "వద్దు", తర్వాత "నీళ్లు", "చాయ్". కొన్ని నెలలకు మళ్లీ నేమింగ్ టెస్ట్ పెట్టాను, అంటే చూపించినదాని పేరు చెప్పే పరీక్ష. ఆఖర్న అండాలమ్మను చూపించి ఎవరని అడిగాను. సార్‌కు నుదుటి మీద చెమట పట్టింది. "అండాలు" అన్నారు. నేను చప్పట్లు కొట్టాను. ఆమె మొహం మాత్రం పాలిపోయింది. ఎవరో పరాయిదాన్ని పిలిచినట్టు పిలుస్తున్నాడేందని కళ్లనీళ్లు పెట్టుకుంది. సార్ మా ఇద్దర్నీ చూశారు. మాట కోసం చాలాసేపు వెతుక్కుని, నన్ను చూపిస్తూ "పరీక్ష" అన్నారు. తర్వాత ఆమె వైపు తిరిగి "ఇగో" అన్నారు. ఏడుస్తున్న మనిషి నవ్వేసింది.

ఆ తర్వాత నా రాతలు తీసుకుని వాళ్లింటికి వెళ్లడం మళ్లీ మొదలెట్టాను. సార్ చదవలేరు, పెన్ను పట్టలేరు. నేను చదువుతుంటే కళ్లు మూసుకుని వినేవారు. ఏదైనా వాక్యం నచ్చితే "ఇగో" అని పిలిచేవారు. అండాలమ్మ వంటింట్లోంచి తడిచేతులతో వచ్చేది, ఆ వాక్యం ఆమెకు మళ్లీ చదివేదాన్ని. నచ్చకపోతే చాయ్ అడిగేవారు. ఆ మాట మాత్రం ఎంత స్పష్టంగా వచ్చేదో.

2013 చలికాలంలో రెండోసారి పక్షవాతం వచ్చి సార్ పోయారు. ఆయన లేకుండా ఎవరి కోసం రాయాలో నాకు తెలియలేదు, చాలా రోజులు రాయడం మానేశాను.

ఇప్పుడు ఎవరు పేషెంటును తీసుకొచ్చినా మొదటిరోజు ఇంటివాళ్లను లోపలే కూర్చోబెడతాను. ఇంట్లో మీరు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారని అడుగుతాను. నా చదువులో ఎవరూ చెప్పని ఈ ప్రశ్న సార్ కేసు వల్ల నేర్చుకున్నాను. కొందరు సిగ్గుపడతారు, కొందరు నవ్వుతారు, జవాబు మాత్రం చెబుతారు.

సార్ పోయిన మరుసటి ఏడు అండాలమ్మ కబురు పెట్టింది, రాసింది ఏమన్నా ఉంటే పట్టుకుని రమ్మని. అప్పటికి రాసింది ఒకే ఒక్క పేజీ ఉంటే తీసుకెళ్లాను. ఆమె వంటింటి గడప మీద కూర్చుంది. నేను చదువుతున్నాను. పేజీ సగంలో ఆమె చెయ్యెత్తింది.

"జర ఆగుండ్రి. ఆయనుంటె గీడ నన్ను పిలుస్తుండె."

నేను పెద్దగా పట్టించుకోకుండా రాసుకుపోయిన మామూలు వాక్యం అది. ఆ వాక్యం ఆమెకు మళ్లీ చదివాను.