టేపక్క లా చదువు

ఆమె బట్టల షాపులో పందొమ్మిదేళ్ళు నిలబడింది. మాటవరసకు అన్నది కాదు. షట్టరు లేచింది మొదలు దించేదాకా కౌంటరు వెనక నిలబడి తానులు విప్పడం, కొలవడం, కత్తిరించడం, మళ్ళీ చుట్టి పెట్టడం. ఇంటికొచ్చి కాళ్ళు గోడకి ఆనించి పడుకుంటే, బస్సు డ్రైవరైన భర్త పక్కన కూలబడి, "కూర్చుని కూర్చుని నడుం విరిగిపోయింది" అనేవాడు.

"అయితే రేపు మార్చుకుందామా?" అనేది ఆమె.

లా చదవాలన్న ఆలోచన మొదట ఆమెది కాదు. ఒకరోజు ఉతికితే రంగు పోయిందని ఎవరో గుడ్డ వెనక్కి తెచ్చారు. యజమాని తీసుకోనన్నాడు. ఆమె నెమ్మదిగా, "సార్, రంగు పోదని బోర్డు పెట్టింది మనమే. బోర్డన్నా తీసెయ్యాలి, గుడ్డన్నా తీసుకోవాలి" అంది. యజమాని గొణుక్కుంటూ గుడ్డ తీసుకున్నాడు. కర్టెన్ల కోసం వచ్చిన ఒక మేడమ్ ఇదంతా చూసింది. ఆవిడ యూనివర్సిటీ లా కాలేజీలో పాఠాలు చెబుతుంది.

"డిగ్రీ చదివారా?"

"ఇంట్లో ఉండే చదివానండీ, దూరవిద్యలో."

"ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి మా దగ్గర ఉదయం క్లాసులున్నాయి. ఎంట్రన్సు రాయండి" అని చెప్పి, ఆ మేడమ్ కర్టెన్ల గుడ్డ కొనడం మరిచిపోయి వెళ్ళిపోయింది.

నలభై ఏళ్ళ వయసులో ఆమె ఎంట్రన్సు రాసింది. సీటు వచ్చింది. షాపులో మధ్యాహ్నం షిఫ్టుకు మారింది. మొదటి రోజు గేటు దగ్గర వాచ్‌మన్, "పేరెంట్స్ మీటింగు వచ్చే వారం అండీ" అని మర్యాదగా ఆపాడు. ఎలాగో నచ్చజెప్పి క్లాసులోకి వెళితే, అందరూ ఆమె మెడవైపే చూస్తున్నారు. అలవాటుకొద్దీ ఇంటి దగ్గరే కొలత టేపు మెడలో వేసుకుని బయల్దేరింది! ఆ పూట నుంచి తన కూతురంత పిల్లలందరికీ ఆమె టేపక్క అయిపోయింది.

మొదటి నెలలు చుక్కలు కనిపించాయి. ఆ పుస్తకాల్లో ఒక వాక్యం మొదలైతే పేజీ తిప్పేదాకా ఆగదు. గట్టిగా చదివితే తప్ప బుర్రకెక్కదని వంటింట్లో చదివేది. అత్తగారు బఠాణీలు ఒలుస్తూ అన్నీ వినేది. ఒక ఆదివారం, గిన్నెలు తోముతానని పెళ్ళానికి మాటిచ్చిన కొడుకు మెల్లిగా జారుకోబోతుంటే ఆవిడ పట్టుకుంది. "ఒరేయ్, నువ్వు ప్రతిపాదించావు, అది అంగీకరించింది. ఒప్పందం కుదిరిపోయింది. నడు!"

ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉంది. రెండో ఏడాది నుంచి ప్రతి విద్యార్థీ వారానికో పూట ఉచిత సలహా కేంద్రంలో పని చెయ్యాలి. మార్కెట్ వీధిలో, చెప్పులు బాగుచేసే షాపు పైన చిన్న గది, ఒక బల్ల, రెండు బెంచీలు. పక్కన మేడమ్ ఉంటుంది గానీ నోరు విప్పదు. వచ్చినవాళ్ళకి చట్టాన్ని బస్టాపులో మాట్లాడుకునే మాటల్లో చెప్పాలన్నది ఆవిడ షరతు. అందులో మాత్రం టేపక్కను కొట్టేవాళ్ళు లేరు.

ఒకరోజు చెప్పుల దుకాణంలో సేల్స్ చేసే అమ్మాయి వచ్చింది. ఆరో నెల గర్భిణి. చేతిలో హెచ్చరిక కాగితం. "పని వేళలో కూర్చున్నందుకు. మళ్ళీ కూర్చుంటే ఉద్యోగంలోంచి తొలగిస్తాం" అని ఉంది అందులో.

"అక్కా, ఇలా తీసెయ్యొచ్చా నన్ను?"

టేపక్క దుకాణాల నిబంధనల పుస్తకం తిరగేసింది. ఒక చోట వేలు ఆగిపోయింది. అమ్మకాల పని చేసేవాళ్ళకి కౌంటరు దగ్గర కూర్చోవడానికి వీలు కల్పించాలి. నిబంధన వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. ఆమె ఆ వాక్యం మూడుసార్లు చదివింది.

"నేను షాపులో చేరకముందు నుంచే ఉందా ఇది?" అని నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళు తుడుచుకుంది.

ఆ వారం విద్యార్థులు వీధంతా తిరిగారు. అరవై నాలుగు షాపులు, రెండు వందల పైచిలుకు ఆడవాళ్ళు, పదకొండు కుర్చీలు. ఆ పదకొండూ కొనేవాళ్ళకే. వివరాలన్నీ రాసి కార్మిక అధికారికి అర్జీ పెట్టారు. మర్నాడే యజమాని ఆమెను పిలిచాడు.

"మన షాపు కూడా రాశావటగా?"

"రాయకపోతే పక్షపాతం అంటారు సార్."

"ఉద్యోగం అక్కర్లేదా?"

"కావాలి సార్. స్టూలుతో సహా కావాలి."

మాట అనేసింది గానీ, కౌంటరు దగ్గరికి తిరిగొచ్చాక రెండు మీటర్ల గుడ్డ రెండుంపావు కోసింది.

విచారణ రోజు అధికారి గదిలో నాలుగే కుర్చీలున్నాయి. విద్యార్థులు ముందే వచ్చి కూర్చున్నారు. యజమానులు ఏడుగురు గోడవారన నిలబడ్డారు. షాపుల సంఘం అధ్యక్షుడు ఆమె యజమానే. "సేల్స్ గర్ల్ కూర్చుంటే కొనేవాళ్ళు బద్ధకం అనుకుంటారండీ" అంటూ మొదలుపెట్టాడు. వాదన గంట దాటింది. ఆయన ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నాడు. టేపక్క చూసింది. పందొమ్మిదేళ్ళుగా వచ్చినవాళ్ళకి కుర్చీ వేసిన చెయ్యి, ఆగలేదు. లేచి తన కుర్చీ ఆయనవైపు జరిపింది.

"కూర్చోండి సార్, కాళ్ళు లాగుతున్నట్టున్నాయి."

ఎత్తిపొడుపు కాదది, నిజంగానే అంది. ఆయన హమ్మయ్య అంటూ కూర్చున్నాడు. కూర్చున్నాక గానీ తను చేసిందేమిటో ఆయనకి తట్టలేదు. గదంతా గొల్లున నవ్వింది. అధికారి కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగాడు. యజమాని చిన్నగా నవ్వి తల అడ్డంగా ఊపాడు.

నెల రోజుల్లో స్టూళ్ళు వెయ్యాలని ఆర్డరు వచ్చింది. చెప్పుల దుకాణం అమ్మాయి మీది కాగితం రద్దయింది. అన్నీ సాఫీగా జరగలేదు. రెండు షాపులవాళ్ళు నిచ్చెన వేసుకుంటే తప్ప ఎక్కలేనంత ఎత్తు స్టూళ్ళు తెచ్చారు. విద్యార్థులు మళ్ళీ వెళ్ళి వాటిని మార్పించాల్సి వచ్చింది. ఆమె యజమాని మాత్రం మెత్తలు కుట్టించిన స్టూళ్ళు వేయించి, ఈ వీధిలో మొదట వేసింది నేనే అని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆమె కాదనదు.

మూడో ఏడు పూర్తి చేసి ఆమె షాపు మానేసింది. ఇప్పుడు నల్లకోటు వేసుకుని కార్మిక కోర్టుకి వెళుతోంది. వారానికి రెండు పూటలు చెప్పులు బాగుచేసే షాపు పైగదిలో కొత్త విద్యార్థుల పక్కన కూర్చుంటుంది. వాళ్ళు పొరపాటు చేస్తే అంతా అయ్యాక చెబుతుంది. మొన్న మార్కెట్ ఊడ్చే ఆడవాళ్ళు ఎనిమిది మంది కలిసి వచ్చారు, వీధి మొత్తానికి తమకొక మరుగుదొడ్డి లేదని. ఆమె బెంచీ మీద జరిగి చోటిచ్చి, "మొదటినుంచీ చెప్పండమ్మా" అంది.