కోళ్ల గూటి వెనక గిన్నె

రెండు మాటల అబద్ధం ఒకటి ఏళ్ల తరబడి మోస్తున్నాను. మా ఆయనకు తెలియదు. పాస్టరుగారికి తెలియదు. ప్రార్థనలో దేవుడికి చెప్పుకోలేదా అంటారేమో. చెప్పాను. ఆయన ఎదురు ప్రశ్న వేయడు గనక సులువుగానే చెప్పాను. మనిషికి చెప్పడం మాత్రం ఇదే మొదలు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది.

మాది విడవలూరు అవతల, సముద్రానికి దగ్గర్లో ఒక ఊరు. ఇళ్లు అయిపోయిన చోట ఇసక, ఇసక దాటితే సరుగుడు తోపు, తోపులో నక్కలు. మా ఇంటికీ దీనమ్మ పెద్దమ్మ ఇంటికీ మధ్య తాటాకు దడి. ఆమె కోడలి అసలు పేరు రాయను, ఎస్తేరు అనుకోండి. పెళ్లయి నాలుగేళ్లు దాటినా ఆ పిల్లకు కడుపు పండలేదు. అందుకని దీనమ్మ ఒక కోడిపుంజును మొక్కుకుని వదిలింది. కోతపండుగకు దాన్ని చర్చిలో కానుకగా ఇస్తే మనవడు పుడతాడని ఆమె నమ్మకం. పుంజు బాధ్యత కోడలిది. ఎస్తేరు దాన్ని కంట్లో వత్తులేసుకుని కాచేది. ఆ ఇంట్లో తన చోటు ఆ పుంజుతో ముడిపడి ఉందని ఆ పిల్లకు తెలుసు. నాకూ తెలుసు.

ఇక పిల్లి. ఒక తుపాను వాన వెలిశాక ఎక్కణ్ణించో వచ్చింది. బూడిదరంగు, ఒక చెవి చిరిగిపోయి ఉంది. మనిషి అలికిడైతే చాలు, పరుగు. పొద్దుగూకే వేళ మాత్రం దడి పక్కకొచ్చి కూర్చుని నా వంక చూసేది. మా పిల్లలు హాస్టల్లో ఉండేవాళ్లు, మా ఆయన పొద్దస్తమానం రొయ్యల గుంటల మీదే. ఒక ప్రాణి నాకోసం వచ్చి కూర్చుంటోందంటే ఏదో సంతోషం. నవ్వకండి. చేపల తలకాయలూ పేగులూ ఒక సొట్టల గిన్నెలో వేసి వాకిట్లో పెట్టేదాన్ని. నీచు కంపు, ఈగలు అని మా ఆయన ఒకరోజు ఆ గిన్నెను కాలితో తన్నాడు.

అప్పుడు నేను మానేశానా? లేదు. దడి సందులోంచి దూరి, దీనమ్మ కోళ్ల గూటి వెనక, ఎవరికీ కనబడని చోట పెట్టడం మొదలెట్టాను. పిల్లి బెదురుగొడ్డు, ఎప్పుడో వచ్చి తింటుందని తెల్లారేదాకా అక్కడే వదిలేసేదాన్ని. మా వాకిలి శుభ్రం, వాళ్ల గూటి దగ్గర నీచు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. అక్కడ తిన్నది పిల్లే గానీ కళ్లు మూసుకున్నది నేను.

ఎస్తేరు ఒకసారి గిన్నెను చూసింది. అత్తకు చెప్పలేదు. నాతోనే మెల్లగా అంది.

"అక్కా, పిల్లికి పెడితే పెట్టు గానీ పొద్దుండగానే పెట్టు. అది తిన్నాక గిన్నె తీసేయ్. ఈ వాసనకి తోపులోంచి నక్కలొస్తాయి."

"అట్టాగేలేమే," అన్నాను. అనడం వరకే.

ఆ సాయంత్రం ఎస్తేరు ఎప్పుడు లోపలికి పోతుందా, ఎప్పుడు గిన్నె పెడదామా అని దడి దగ్గర నిలబడి ఉన్నాను. ఆ పిల్ల కోళ్లను గూట్లోకి తోలింది. గూటి వాకిలికి చెక్కపలక అడ్డం పెట్టింది. రెండు చేతులా రాయి ఎత్తి పలకకు ఆనించింది. పలకను ఒకసారి లాగి చూసుకుంది కూడా. అంతా చూశాను. ఆమె పోయాక గిన్నె పెట్టి వచ్చాను.

తెల్లవారి, ఎవరూ లేవకముందే గిన్నె కోసం వెళ్లాను. అది గూటి ముందు బోర్లా పడి ఉంది. చుట్టూ ఈకలు. చేప ముళ్లు పలక దగ్గరంతా చెదిరి ఉన్నాయి. పలక కింద ఇసకను నక్క తోడేసింది. ఆ గుంటలోకి రాయి దొర్లింది, పలక పక్కకు పడింది. గూట్లో ఒక్క కోడి లేదు.

నేను చేసిన మొదటి పనేమిటో తెలుసా? గిన్నె చంకన పెట్టుకున్నాను. అడ్డమొచ్చిన రాయిని పక్కకు జరిపి, ముళ్లు కనబడకుండా కాలితో ఇసక తోశాను. ఆ ఇసకతో గుంట పూడిపోయింది. రాయి పెట్టిందని సాక్ష్యం చెప్పగలిగింది ఆ గుంట ఒక్కటే. దాన్ని పూడుస్తున్నానని అప్పుడు నాకు తెలియదా? తెలియదనే చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ మాటా నమ్మబుద్ధి కావడం లేదు.

కాసేపటికి దీనమ్మ కేకలు వినబడ్డాయి. అందరితో పాటు నేనూ వెళ్లాను, దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని.

"దేవుడి పుంజును నక్క నోట్లో పెట్టినావు గదే! రాయి పెట్టకుండా పోయి పండుకున్నావు. ఇంక నీ కడుపేం పండతాది!"

"రాయి పెట్టినానత్తా. పెట్టి, లాగి గూడా చూసినాను."

దీనమ్మ నా వైపు తిరిగింది. "ఏమే, నువ్వు సండే స్కూలు చెప్పేదానివి, అబద్ధమాడవు. నిన్న సాయంత్రం దడికాడే ఉండావు గదా. ఇది రాయి పెట్టడం చూసినావా?"

ఎస్తేరు నా ముఖంలోకి చూసింది. పెదాలు కదిలాయి. గిన్నె మాట అంటుందనుకున్నాను. అనలేదు. నా నోటితో నేనే చెబుతానని ఆగింది.

"చూళ్లేదు పెద్దమ్మా," అన్నాను.

ఎందుకన్నాను? మా ఆయన తిడతాడనా? ఆయన కోపం రెండు రోజులు. దీనమ్మ నోరు ఒక నెల. టీచరమ్మ దొంగచాటుగా పక్కింట్లో నీచు పోసిందట అని ఊరు చెప్పుకుంటే? అదీ అసలు భయం. నా మంచిపేరు. ఒక ఆడపిల్ల బతుక్కంటే నా పేరు నాకు ముద్దయింది. ఛీ, ఇట్లా రాస్తుంటే చెయ్యి అసహ్యించుకుంటోంది.

ఆ తర్వాతా ఆదివారాలు పాఠం చెప్పాను. యేసును ఎరగనని పేతురు బొంకిన కథ వచ్చినప్పుడల్లా పిల్లల చేతనే చదివించేదాన్ని. ఆయనకు కోడి కూసింది, వెలుపలికి పోయి ఏడ్చాడు. నాకోసం కూయడానికి ఆ గూట్లో కోడి మిగల్లేదు.

ఎస్తేరును ఆ వారమే వాకాడు దగ్గర పుట్టింటికి పంపారు. నాలుగు రోజులుండి రమ్మన్నారు. తీసుకురావడానికి ఎవరూ పోలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నేను అనుకుంటూ ఉండగానే ఎస్తేరు మొగుడు ఇంకొకామెను తెచ్చుకున్నాడు. ఆమెకూ పిల్లల్లేరు. దాని గురించి మాత్రం ఊళ్లో ఎవరూ నోరెత్తరు.

పిల్లి ఇంకా చాన్నాళ్లు బతికింది. పొద్దుండగానే తినేంతే పెట్టి, తినేదాకా పక్కన నిలబడి, గిన్నె కడిగి లోపల బోర్లించేదాన్ని. మా వాకిట్లోనే. మా ఆయన ఒక్కసారి గొణిగి ఊరుకున్నాడు. అంతే పని! ముందే చేసి ఉంటే పోయేది కదా.

నిరుడు నెల్లూరు బస్టాండులో ఎస్తేరు కనబడింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తోందట. ఐసులో నాని వేళ్లు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. తనే వచ్చి పలకరించింది.

"ఆ పిల్లి ఉండాదా అక్కా?"

"చచ్చిపోయింది మే."

"ఉన్నన్నాళ్లూ గిన్నె పొద్దుండగానే తీసేసినావా?"

"తీసినాను."

"మంచిపని చేసినావు," అంది. ఆ మాటలో ఎగతాళి లేదు. నేను ఎంత వెతికినా లేదు. బస్సు వచ్చింది, ఎక్కి పోయింది. క్షమించమనడానికి అంత సమయం ఉండి కూడా నేను అడగలేదు.

దీనమ్మకు చెబుదామంటే ఆమె సమాధిలో ఉంది. ఎస్తేరుకు కొత్తగా చెప్పేదేమీ లేదు, ఆమెకు అన్నీ తెలుసు. చెప్పినా ఇప్పుడు ఆ కాపురం తిరిగి రాదు. అయినా ఆ రోజు అడిగిన ప్రశ్నకు నేను బాకీపడ్డ జవాబు ఒకటుంది. మీరైనా వినండి.

ఆ సాయంత్రం ఎస్తేరు రాయి పెట్టింది. రెండు చేతులా ఎత్తి పెట్టింది. పలక లాగి చూసుకుంది. నేను చూశాను.